జెనోవా పాత రేవులో చవక హోటల్ బస: నా అనుభవం

ఇటలీలో చదువుకుంటున్న పిల్లల్ని చూడడానికి ఈమధ్య మన వైపు నుంచి చాలామంది తల్లిదండ్రులు వెళ్తున్నారు. వెళ్లినవాళ్లు సాధారణంగా రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్ చూసి వస్తారు. మేం జెనోవాకి వెళ్లాం. అక్కడ పాత రేవు పక్కనే ఒక చవక హోటల్లో దిగాం. అలాంటి చోట దిగేముందు ఏం అడగాలి, దిగాక ఏం చూసి కంగారు పడనక్కర్లేదు, అసలు ఆ ఊళ్లో అలాంటి చోటే ఎందుకు ఉండాలి అన్నది రాయాలనిపించింది. మా వయసువాళ్లకి, ఇటాలియన్ రానివాళ్లకి పనికొస్తుందని.

మా అమ్మాయి మిలాన్‌లో ఎం.ఎస్. చేస్తోంది. మేం వెళ్లింది అక్టోబరులో. వారం మధ్యలో తనకి క్లాసులు, ప్రాజెక్టు పని. "నాన్నా, మీరిద్దరూ ఇక్కడ గోడలు చూస్తూ కూర్చోవడం ఎందుకు, ఎక్కడికైనా వెళ్లి రండి" అంది. జెనోవా పేరు చెప్పింది నేనే. చీరాలలో ఏళ్ల తరబడి సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న పాత రేవు మోటుపల్లి గురించి మార్కో పోలో చెప్పిన సంగతులు అక్షరాల్లోకి ఎక్కింది జెనోవాలోనే, అదీ అతను బందీగా ఉన్నప్పుడు. ఆ మాట క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. ఆ ఊరు కళ్లతో చూడాలని కోరిక.

హోటల్ విషయంలో ఇంట్లో చర్చ జరిగింది. అమ్మాయి ఊరి బయట, హైవే పక్కన ఉన్న ఒక కొత్త హోటల్ చూపించింది. గదులు శుభ్రంగా, అన్నీ ఒకేలా ఉన్నాయి. కానీ ఊళ్లోకి రావాలంటే ప్రతిసారీ బస్సు ఎక్కాలి. చీకటి పడితే ఇక గదిలోనే. పాత ఊళ్లో అదే డబ్బుకి, ఇంకా కాస్త తక్కువకి కూడా, చిన్న హోటళ్లు ఉన్నాయి. మాకు దొరికిన గది రాత్రికి 70 యూరోల లోపే. పెన్షన్ డబ్బుతో చేసే ప్రయాణంలో అది తక్కువేమీ కాదు, అయినా ఇటలీలో అదే చవక.

జెనోవాలో పెద్ద రైల్వే స్టేషన్లు రెండు. పడమటి వైపు పియాజ్జా ప్రిన్చిపే, తూర్పు వైపు బ్రిన్యోలే. రెండింటి దగ్గరా చవక హోటళ్లు దొరుకుతాయి. బ్రిన్యోలే వైపు వీధులు వెడల్పుగా ఉంటాయి, సామాన్లు లాక్కుంటూ నడవడం సులువు. ప్రిన్చిపే వైపు దిగితే బాల్బీ వీధి, దాని కింద ప్రే వీధి, ఇంకా కిందికి దిగితే గ్రామ్‌షీ వీధి, ఆ పక్కనే రేవు. మేం ప్రిన్చిపే వైపు ఎంచుకున్నాం. పాత ఊరు చూడడానికి వచ్చినవాళ్లకి అదే సరైన చోటు అని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఈ ప్రాంతంలో చవక హోటల్ అంటే చాలావరకు సొంత భవనం ఉండదు. ఒక పాత పెద్ద భవనంలో మూడో అంతస్తో నాలుగో అంతస్తో హోటల్ అవుతుంది. కింద దుకాణాలు, పైన కుటుంబాలు, మధ్యలో హోటల్. అందుకే బుక్ చేసేముందు ఫోటోలు చూసి ఊరుకోకుండా మా అమ్మాయి చేత మెయిల్ పెట్టించి కొన్ని ప్రశ్నలు అడిగించాను. ఎన్నో అంతస్తు? లిఫ్ట్ ఉందా, ఉంటే కింది నుంచే ఉందా, లేక కొన్ని మెట్లెక్కాక మొదలవుతుందా? బాత్రూమ్ గదిలోనే ఉందా, అందరికీ కలిపి ఒకటేనా? రిసెప్షన్లో మనిషి ఎన్ని గంటల వరకు ఉంటారు? ఖాళీ చేశాక సామాన్లు కాసేపు ఉంచుకోనిస్తారా? ఇటలీలో అంతస్తుల లెక్క నేల అంతస్తుని సున్నాగా పెట్టి మొదలవుతుంది, అది మన లెక్కే. కానీ పాత భవనాల్లో ఒక్కో అంతస్తు ఎత్తు చాలా ఎక్కువ. అక్కడ మూడో అంతస్తు అంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చిన్న సంగతి కాదు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. లిఫ్ట్ లేదంటే ఎంత చవకైనా వద్దనుకున్నాం.

ఇంకో జాగ్రత్త. 2025 నుంచి ఇటలీలో బస ఇచ్చే ప్రతి చోటుకీ ఒక జాతీయ గుర్తింపు కోడ్ ఉండాలి. దాన్ని ప్రకటనలోనూ భవనం బయటా చూపించాలి. బుకింగ్ పేజీలో ఆ కోడ్ కనిపించకపోతే అనుమానించాల్సిందే. మేం ఎంచుకున్న హోటల్‌కి ఉంది. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే రకం బుకింగ్ తీసుకున్నాం. వీసాకి బస వివరాలు ఎలాగూ చూపించాలి, 30,000 యూరోలకి తగ్గకుండా ఆరోగ్య బీమా కూడా ఉండాలి. ఆ పని మీద హైదరాబాద్ వెళ్లి వచ్చిన కథ అందరికీ తెలిసిందే, అది ఇక్కడ వద్దు.

మిలాన్ నుంచి ఇంటర్‌సిటీ రైల్లో రెండు గంటల లోపే వచ్చేశాం. చివర్లో కొండలు, సొరంగాలు. ప్రిన్చిపే స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కొలంబస్ విగ్రహం. అతను పుట్టిన ఊరు ఇదే కదా. అక్కడి నుంచి హోటల్‌కి నడక దూరమే. కానీ ఆ కాస్త దూరంలో తలుపు వెతుక్కోవడమే పెద్ద పని అయింది.

జెనోవా పాత ఊళ్లో సందుల్ని కరుజ్జి అంటారు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి జరగాల్సినంత ఇరుకు సందులు కూడా ఉన్నాయి. రెండు వైపులా ఆరేడు అంతస్తుల భవనాలు. మధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పడదు. ఫోన్లో మ్యాప్ అక్కడ సరిగా పనిచేయదు, మనం ఉన్న చుక్క పక్క సందులోకి దూకుతూ ఉంటుంది. దానికితోడు ఈ ఊళ్లో ఇంటి నంబర్లు రెండు వరుసలు. ఇళ్ల తలుపులకి నల్ల నంబర్లు, దుకాణాలకి ఎర్ర నంబర్లు. రెండు లెక్కలూ విడివిడిగా నడుస్తాయి. ఒకే వీధిలో నల్ల 20 ఒక చోట, ఎర్ర 20 ఇంకో చోట ఉండొచ్చు. చిరునామాలో నంబరు పక్కన 'ఆర్' అక్షరం ఉంటే అది ఎర్రది. అమ్మాయి ఈ సంగతి ముందే చెప్పింది కాబట్టి ఎర్ర నంబర్లు వదిలేసి నల్లవి చూసుకుంటూ వెళ్లాం. హోటల్ నల్ల నంబర్లో ఉంది. బయట పెద్ద బోర్డు లేదు. తలుపు పక్కన కాలింగ్ బెల్ బటన్ల వరుసలో ఒక దాని మీద హోటల్ పేరు, అంతే.

"ఏవండీ, ఇది హోటలా, ఎవరిదైనా ఇల్లా?" అంది మా ఆవిడ. బెల్ నొక్కితే పైనుంచి ఆడగొంతు ఏదో అడిగింది. నేను పేరు చెప్పాను. తాళం టక్కుమని ఊడింది.

లోపల చూస్తే పాలరాతి మెట్లు, ఎత్తైన వంపు కప్పు, గోడ మీద పాత రంగుల చిత్రాల ఆనవాళ్లు. ఎప్పుడో ఎవరో సంపన్న వ్యాపారి కట్టించుకున్న ఇల్లు అయి ఉంటుంది. ఆ మెట్ల మధ్య ఖాళీలో తర్వాతి కాలంలో ఇరికించిన లిఫ్ట్ మా ఇంట్లో బీరువా అంత ఉంది. ఇద్దరం సామాన్లతో పట్టలేదు. ముందు మా ఆవిణ్ణి ఒక పెట్టెతో పంపించి, లిఫ్ట్ దిగొచ్చాక రెండో పెట్టెతో నేను వెళ్లాను. లోపలి రెండు రెక్కల తలుపులూ పూర్తిగా మూస్తేనే కదులుతుంది. పెద్ద సూట్‌కేసు తెచ్చుకున్నవాళ్లకి ఇలాంటి లిఫ్టుల్లో కష్టమే. మిలాన్‌లో అమ్మాయి దగ్గర పెద్దవి వదిలేసి చిన్న పెట్టెలతో రావడం మంచిదైంది.

రిసెప్షన్లో ఉన్నావిడ మా ఆవిడ వయసే ఉంటుంది. ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, మిగతాది చేతులతో, కాగితం మీద అంకెలతో. ముందు పాస్‌పోర్టులు అడిగింది. పాస్‌పోర్టు ఎందుకు తీసుకుంటున్నారని మనవాళ్లు టెన్షన్ పడుతుంటారు. ఇటలీలో బస ఇచ్చేవాళ్లందరూ వచ్చినవాళ్ల వివరాలు 24 గంటల్లోగా పోలీసులకి ఆన్‌లైన్లో పంపాలి, అది చట్టం. పాస్‌పోర్టు చూసి వివరాలు ఎక్కించుకుని ఇచ్చేస్తారు. నేను ఎదురుగానే నిలబడి తిరిగి తీసుకున్నాను. దీనివల్ల మనకీ ఒక మేలుంది. ఒకే వీసా చెల్లే ఐరోపా దేశాల్ని షెంగెన్ అంటారు, వాటిలో వేరే దేశం మీదుగా ఇటలీకి వచ్చినవాళ్లు ఎనిమిది రోజుల్లోగా తమ రాకని పోలీసులకి తెలపాలి. హోటల్లో దిగితే ఈ నమోదే దానికి సరిపోతుంది.

తర్వాత సిటీ టాక్స్. ఇది గది అద్దెలో కలవదు. మనిషికి, రాత్రికి ఇంత అని హోటల్ స్థాయిని బట్టి ఉంటుంది. చిన్న హోటళ్లు దీన్ని నగదుగా అడుగుతాయి. చిల్లర యూరోలు దగ్గర పెట్టుకోవాలి, రసీదు అడిగి తీసుకోవాలి. మాకు అడగకుండానే ఇచ్చింది.

గది విషయానికొస్తే మొదట ఇచ్చిన గది నాకు నచ్చలేదు. బుకింగ్ పేజీలో చూపించిన కిటికీ వీధి వైపు ఉంది. మాకిచ్చిన గదికి కిటికీ భవనం మధ్యలో గాలి కోసం వదిలిన గొయ్యి లాంటి ఖాళీలోకి తెరుచుకుంటుంది. ఎదుటి గోడ, పైపులు తప్ప ఏమీ కనపడవు. నేను ఫోన్లో బుకింగ్ పేజీ ఫోటో తెరిచి రిసెప్షన్లో ఆవిడకి చూపించాను. మా ఆవిడ "పోనీలెండి, పడుకోడానికేగా" అంది. నేను ఊరుకోలేదు. డబ్బు తక్కువైనా ఎక్కువైనా చూపించింది ఇవ్వాలి. రిసెప్షన్లో ఆవిడ కాస్త ఆలోచించి, పుస్తకం తిరగేసి, వీధి వైపు గది ఆ రాత్రికి వేరేవాళ్లకి ఇచ్చేశామని, మర్నాడు మారుస్తానని చెప్పింది. చెప్పినట్టే మర్నాడు పొద్దున్నే మేం బయటికి వెళ్లేలోపు తాళం మార్చి ఇచ్చింది. నెమ్మదిగా, కానీ గట్టిగా అడగడానికి మొహమాటపడకూడదు.

ఆ రెండో గది గురించి మాత్రం తృప్తిగా చెప్తాను. ఎత్తైన కప్పు, ఎర్ర పలకల నేల, పాత చెక్క అలమర. కిటికీకి ఆకుపచ్చ చెక్క రెక్కలు. వాటి కింది భాగం విడిగా బయటికి లేస్తుంది. అలా లేపి పెడితే ఎండ రాదు, గాలి వస్తుంది, కింద సందులో ఎవరు నడుస్తున్నారో కనిపిస్తుంది. ఊరంతా అవే కిటికీలు. కొన్ని ఇళ్లకి గోడ మీద కిటికీల బొమ్మలు కూడా వేసి ఉంటాయి. వీధిలోంచి తలెత్తి చూస్తే ఏది నిజమైన కిటికీ, ఏది రంగు అన్నది వెంటనే తెలియదు.

బాత్రూమ్ చిన్నది, శుభ్రంగా ఉంది. మగ్గు, చేతి షవర్ ఉండవని మనవాళ్లు బాధపడుతుంటారు. ఇటలీలో టాయిలెట్ పక్కన బిడే, అంటే కడుక్కోవడానికి కుళాయి ఉన్న చిన్న తొట్టి, ఉంటుంది, ఇళ్లలో అది ఉండాలని అక్కడ నిబంధనే ఉంది. మిగతా ఐరోపా కంటే ఈ విషయంలో మనకి ఇటలీలోనే సుఖం. షవర్ దగ్గర గోడకి ఒక తాడు వేలాడుతుంది. అది బట్టలు ఆరేసుకోవడానికి కాదు, లోపల ఎవరైనా జారిపడితే లాగడానికి. లాగితే రిసెప్షన్లో గంట మోగుతుంది. మా ఆవిడకి ముందే చెప్పి ఉంచాను. కుళాయి నీళ్లు తాగొచ్చు, మేం అవే తాగాం. వేడినీళ్ల కెటిల్ ఇలాంటి హోటళ్లలో ఉండదు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో పట్టదు, అడాప్టర్ తప్పనిసరి.

రాత్రి చప్పుడు ఉంది. వీధి వైపు గది అడిగి తీసుకున్నది నేనే కాబట్టి అది ఓర్చుకోవాలి. సందులో మాటలు గోడల మధ్య పైకి లేస్తాయి, కింద నిలబడి మాట్లాడేవాళ్లు గదిలో ఉన్నట్టే వినిపిస్తుంది. రేవు వెంబడి 1965లో కట్టిన పొడవాటి ఫ్లైఓవర్ ఉంది, దాని మీద వాహనాల హోరు. సార్డీనియా, సిసిలీ, ట్యునీషియా వెళ్లే ఓడలు ఇక్కడి నుంచే బయల్దేరతాయి, అప్పుడప్పుడూ వాటి కూత. నాకైతే ఆ కూత వినడం ఇష్టంగా అనిపించింది. మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది.

ప్రే వీధి గురించి భయపెట్టే మాటలు చాలా వింటారు. పగలు అక్కడ సందడే సందడి. సెనెగల్, మొరాకో, ఈక్వడార్, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ల దుకాణాలు. పచ్చిమిరపకాయలు, బియ్యం, పప్పులు చూసి మా ఆవిడ ప్రాణం లేచొచ్చింది. రాత్రి పొద్దుపోయాక కొన్ని సందుల్లో మత్తుమందులు అమ్మేవాళ్లు నిలబడి ఉంటారన్నది నిజం. రిసెప్షన్లో ఆవిడ ఊరి మ్యాప్ మీద పెన్నుతో గీసి చూపించింది: చీకటి పడ్డాక ఈ సందు వద్దు, పైన బాల్బీ వీధి మీదుగా రండి అని. అలాగే చేశాం. ఎవరూ మా జోలికి రాలేదు. చవక హోటల్లో మనకి దొరికే అసలైన సౌకర్యం ఇదే అనుకుంటాను. ఆ వీధిలోనే ఏళ్లుగా బతుకుతున్న మనిషి మనకి దారి చెప్తుంది.

ఇక మూడు పూటల తిండి సంగతి. హోటల్లో టిఫిన్ లేదు, కింద బేకరీ ఉంది. మా ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఇటలీలో ఎలా అని బయల్దేరే ముందు భయపడ్డాం. జెనోవాలో ఆ భయం అక్కర్లేకపోయింది. పొద్దున్నే ఫొకాచ్చా, అంటే ఆలివ్ నూనె, ఉప్పు వేసి కాల్చిన మెత్తటి రొట్టె, ఎక్కడ చూసినా వేడిగా దొరుకుతుంది. ఆ ఊరివాళ్లు దాన్ని పాల కాఫీలో ముంచుకుని తింటారు. నేను కూడా తిన్నాను, ఉప్పటి రొట్టె తియ్యటి కాఫీతో బాగుంటుంది. కొన్ని చోట్ల పిండిలో పంది కొవ్వు కలుపుతారు, శాకాహారులు అడిగి కొనాలి. ఇంకొకటి ఫరినాతా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన మిరియాల పొడి చల్లి కాగితంలో పెట్టి ఇస్తారు. మా ఆవిడ మొదటి ముక్క తిని, దుకాణం వాణ్ణి పిండి ఎంతసేపు నానబెట్టాలో చెప్పమని నాతో అడిగించింది. కొన్ని గంటలు నానాలి, పైన తేలిన నురగ తీసేయాలి అని అతను చేతులతో చెప్పాడు. చీరాల వచ్చాక ఇంట్లో ఓవెన్‌లో చేసింది, బాగానే వచ్చింది. పెస్టో అనే, తులసి జాతి ఆకుతో చేసే పచ్చడి కూడా ఆ ఊరిదే. కానీ అందులో వేసే చీజ్ తయారీకి దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు కాబట్టి మా ఆవిడ వద్దంది. నేను తిన్నాను.

ఆ ఊళ్లో తిరుగుతుంటే నన్ను బాగా ఆకట్టుకున్నది బస చరిత్రే. ప్రిన్చిపే స్టేషన్ నుంచి కిందికి దిగగానే కొమ్మెండా దీ ప్రే అనే పాత రాతి కట్టడం వస్తుంది. 1180లో మొదలుపెట్టి సెయింట్ జాన్ వీరుల సంఘం కట్టించింది. జెరూసలేం యాత్రకి ఓడ ఎక్కబోయేవాళ్లు అక్కడ తలదాచుకునేవాళ్లు, జబ్బు పడితే వైద్యం కూడా అక్కడే. ఇప్పుడు అందులో ఇటలీ వలసల జాతీయ మ్యూజియం ఉంది, 2022లో తెరిచారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అర్జెంటీనా, బ్రెజిల్, అమెరికా వెళ్లడానికి ఇటలీ పల్లెల నుంచి లక్షల మంది ఈ రేవుకే వచ్చారు. ఓడ వచ్చేదాకా ఉండడానికి వాళ్లూ ఈ సందుల్లోనే చవక గదులు వెతుక్కున్నారు. మా అమ్మాయి తరం పెట్టె సర్దుకుని పోతున్న దారి చూస్తున్నవాణ్ణి, ఆ మ్యూజియంలో మామూలుగా తిరగలేకపోయాను.

బాగా డబ్బున్న అతిథుల కథ వేరు. గరిబాల్దీ వీధి అని ఒకటుంది, 1550ల్లో పెద్ద వ్యాపార కుటుంబాలు వరుసగా భవంతులు కట్టుకున్న వీధి. జెనోవా అప్పుడు రాజు లేని గణతంత్రం. రాజభవనమే లేనప్పుడు వేరే దేశపు రాజో రాయబారో వస్తే ఎక్కడ ఉంచాలి? 1576లో సెనేట్ ఒక జాబితా తయారు చేయించింది. ఫలానా ఫలానా సొంత ఇళ్లు ప్రభుత్వ అతిథులకి బస ఇవ్వాలి. ఆ జాబితాల్నే రొల్లి అంటారు. ఇళ్లని స్థాయిని బట్టి విడదీశారు. పోప్, చక్రవర్తి స్థాయివాళ్లకి కొన్ని, రాయబారులకి కొన్ని. ఎవరి ఇంటికి ఏ అతిథి అన్నది చీటీ తీసి తేల్చేవాళ్లు. ఆ భవనాల్లో 42 ఇళ్లని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. పాఠం చెప్పినన్నాళ్లూ వెనిస్, జెనోవాల వర్తకం గురించి చెప్పాను గానీ, ఒక ఊరు అతిథి బసని చట్టంగా రాసిపెట్టుకుందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ప్రతి ఏడూ పిల్లలకి చెప్పేవాణ్ణి.

ఒకరోజు వాన పట్టుకుంది. ముందు రోజు సాయంత్రమే రిసెప్షన్లో ఆవిడ ఫోన్లో నారింజ రంగు హెచ్చరిక చూపించింది. అక్కడ వానలకి పసుపు, నారింజ, ఎరుపు అని మూడు స్థాయిల హెచ్చరికలు ఇస్తారు. జెనోవా కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. కొండ మీద కురిసింది క్షణాల్లో కిందికి వస్తుంది. 2011 నవంబరులో, 2014 అక్టోబరులో వరదలు వచ్చి ప్రాణాలు పోయాయి. బ్రిన్యోలే దగ్గర బిసాన్యో నది కొంత మేర నేల కిందుగా పారుతుంది, అటు వెళ్లొద్దు, భూగర్భ దారుల్లో దిగొద్దు అని ఆవిడ గట్టిగా చెప్పింది. తుపాన్ల తీరం నుంచి వచ్చినవాళ్లం, ఆ మాట విలువ మాకు తెలుసు. ఆ పూటంతా గదిలోనే ఉన్నాం. ఆవిడ తన కాఫీ మేకర్‌లోంచి మా ఇద్దరికీ కాఫీ తెచ్చి ఇచ్చింది, డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

వాన తగ్గాక వెళ్లింది సాన్ జోర్జో భవనానికి. హోటల్ నుంచి రేవు వెంబడి కొద్దిసేపు నడిస్తే వస్తుంది. 1260లో కట్టారు. సముద్రం వైపు గోడ నిండా రంగు చిత్రాలు, మధ్యలో సెయింట్ జార్జ్ డ్రాగన్‌ని చంపుతుంటాడు. ఇప్పుడది రేవు అధికారుల కార్యాలయం. వెనిస్‌తో యుద్ధంలో పట్టుబడ్డ మార్కో పోలోని ఇక్కడే ఉంచారని, 1298 ప్రాంతంలో తోటి ఖైదీ, పీసా ఊరి రుస్టికెల్లో, అతని నోటి వెంట విని రాసుకున్నాడని తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కథనంలో ముత్ఫిలి అని వచ్చేది మన మోటుపల్లే. వజ్రాల సంగతి, సాలెగూడంత సన్నని బట్టల సంగతి, న్యాయంగా పాలించే రాణి సంగతి అందులో ఉన్నాయి. భర్త పోయాక ఏలుతున్న రాణి అని పోలో విన్నాడు. నిజానికి ఆ రాణి రుద్రమదేవి, గణపతిదేవుడికి భార్య కాదు, కూతురు.

ఆ గోడ ముందు నిలబడి మా ఆవిడకి మోటుపల్లి శాసనం సంగతి చెప్పాను. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. అంతకుముందు రాజులు, తుపానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా లాగేసుకునేవాళ్లు. ప్రాణాలొడ్డి వచ్చిన వర్తకుల సొమ్ము మాకొద్దు, ముప్పైలో ఒక వంతు సుంకం చాలు, మిగతాది మీదే అని అతను రాతి మీద చెక్కించాడు. సముద్రం మీద వచ్చిన కొత్తవాడికి భయం లేకుండా చేయడం రేవు మొదటి ధర్మం. అది మన తీరంలోనూ తెలిసినవాళ్లు ఉన్నారు, ఈ తీరంలోనూ ఉన్నారు. ఇప్పుడు మోటుపల్లిలో ఓడలు లేవు. గుడి ఉంది, శాసనం ఉంది. పక్కనే ఉండి కూడా చూడనివాళ్లు మా జిల్లాలోనే ఎంతో మంది, అది నాకు బాధ.

ఖాళీ చేసే రోజు పదింటికల్లా గది ఇచ్చేయాలి. మా రైలు సాయంత్రం. పెట్టెలు రిసెప్షన్ వెనక చిన్న గదిలో పెట్టించి, పోర్తెల్లో కూడలి నుంచి లిఫ్ట్ ఎక్కి కాస్తెల్లెత్తో అనే ఎత్తైన చోటికి వెళ్లాం. ఊరి కొండ మీదికి వెళ్లడానికి ప్రజల కోసం కట్టిన లిఫ్టులు అక్కడ చాలా ఉన్నాయి. పైనుంచి పలకరాళ్ల కప్పులు, రేవు, దూరంగా 77 మీటర్ల లంతెర్నా దీపస్తంభం, 1543లో కట్టింది, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ ఒక్క చోటికి మాత్రం తప్పకుండా వెళ్లాలి, ఒక్క మెట్టు ఎక్కకుండా చూసే దృశ్యం అది. తిరిగి వచ్చి పెట్టెలు తీసుకున్నాం. వెనక్కి చవకైన ప్రాంతీయ రైలు. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గర మెషిన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. రిసెప్షన్లో ఆవిడ ఈ సంగతి కూడా గుర్తు చేసి పంపింది.

రొల్లి భవనాల్లో చాలావాటిని ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం జనానికి తెరుస్తారు, సాధారణంగా వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి. మేం ఉన్నప్పుడు అవి పడలేదు. మా అమ్మాయి కాన్వొకేషన్‌కి వెళ్లేటప్పుడు ఆ తేదీలు చూసుకుని ఒక వారం ముందుగా బయల్దేరాలని అనుకుంటున్నాం. ఆ రోజుల్లో పాత ఊళ్లో చవక గదులు ముందే నిండిపోతాయట. అందుకే ఈసారి తేదీలు తెలిసిన రోజే హోటల్లో ఆవిడకి మెయిల్ పెట్టమని అమ్మాయికి చెప్పాను, వీధి వైపు గదే కావాలని కూడా.